శాంతి అనగా ఏమి? సంఘర్షణ అనగా ఏమి?
జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అనుభవాల వెలుగులో కొన్ని ముఖ్య భావనలు

శాంతి అనే మాటను మనం రోజుకు ఎన్నోసార్లు పలుకుతాము. ముస్లిములు ఒకరికొకరు ఎదురుపడగానే చెప్పే మొదటి మాటే శాంతిని కోరే మాట. అయినప్పటికీ శాంతి అంటే ఏమిటని ఎవరైనా నిలదీసి అడిగితే, చాలామంది ఇచ్చే సమాధానం ఒక్కటే: గొడవలు లేకపోవడం. ఈ సమాధానం సరిపోతుందా? ఊరిలో గొడవ లేదు గనుక ఊరిలో శాంతి ఉన్నదని చెప్పవచ్చునా? దొరకు ఎదురుచెప్పే ధైర్యం ఎవరికీ లేకపోవడం చేత నిశ్శబ్దంగా ఉన్న ఊరిని శాంతియుతమైన ఊరనవచ్చునా?

ఈ ప్రశ్నలను శాస్త్రీయంగా పరిశీలించేందుకు గత శతాబ్దంలో ఒక ప్రత్యేక విద్యాశాఖ ఏర్పడింది. దానికే శాంతి, సంఘర్షణ అధ్యయనమని పేరు. రెండు ప్రపంచ యుద్ధాల వినాశం చూసిన తరువాత, యుద్ధాన్ని రాజుల, సేనానుల వ్యవహారంగా వదిలివేయరాదనీ, రోగాన్ని వైద్యుడు పరిశీలించినట్లు దాని కారణాలను పరిశీలించాలనీ కొందరు పండితులు తలచారు. 1959లో నార్వే రాజధాని ఆస్లోలో యోహాన్ గాల్టుంగ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇందుకోసం ఒక పరిశోధన సంస్థను నెలకొల్పాడు. ఈ శాఖలోని ముఖ్యమైన పారిభాషిక పదాలు పెక్కు ఆయన 1969లోను, 1990లోను ప్రచురించిన వ్యాసాల నుండి వచ్చినవే. ఆయన 2024లో మరణించాడు.

ఈ భావనలను విదేశీ ఉదాహరణలతో వివరించడం వాడుక. కాని వాటిని అర్థం చేసుకొనేందుకు మనం దూరం పోనక్కరలేదు. 2016 అక్టోబరు 11న జిల్లాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల చరిత్రలోనే వీటన్నిటికీ ఉదాహరణలున్నాయి. అవి మన పెద్దల జీవితాలతో ముడిపడినవి. అందులో కొన్ని మనకు గర్వకారణమైనవి, మరికొన్ని మనను ఆత్మపరిశీలనకు పురికొల్పేవి.

1. సంఘర్షణ వేరు, హింస వేరు

మొదట తెలుసుకోవలసిన విషయమేమంటే, సంఘర్షణ అన్నా హింస అన్నా ఒకటి కాదు. ఇద్దరు మనుషులు, లేక రెండు వర్గాలు, ఒకదానికొకటి పొసగని లక్ష్యాలు కలిగి ఉన్నప్పుడు ఏర్పడే స్థితిని సంఘర్షణ అంటారు. ఒకే చెరువు నీటిని రెండు ఊర్ల రైతులు కోరవచ్చు. ఒకే పొలాన్ని అన్నదమ్ములిద్దరు కోరవచ్చు. ఇది మానవ జీవితంలో సహజం. దీనిని పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. సంఘర్షణ లేని చోట చాలాసార్లు మార్పు కూడా ఉండదు.

హింస అనేది ఆ సంఘర్షణను నడిపే పద్ధతులలో ఒకటి మాత్రమే. వాదించడం, పెద్దమనుషుల ముందు పెట్టడం, కోర్టుకెక్కడం, సంఘంగా ఏర్పడి నిరసన తెలపడం ఇతర పద్ధతులు. ఒక సమాజం ఆరోగ్యాన్ని కొలవాలంటే అక్కడ తగాదాలు ఎన్ని ఉన్నాయని గాక, తగాదా వచ్చినప్పుడు బలహీనునికి ఎన్ని తలుపులు తెరిచి ఉన్నాయని చూడాలి. తలుపులన్నీ మూసుకుపోయిన చోట హింస ప్రవేశిస్తుంది.

దీనికి జనగామ ప్రాంతంలోని షేక్ బందగీ జీవితమే నిదర్శనం. కామారెడ్డిగూడెం గ్రామానికి చెందిన ఈ చిన్న రైతు, అన్నదమ్ముల నడుమ మొదలైన భూమి తగాదాలో విస్నూరు దేశ్‌ముఖు జోక్యాన్ని ఎదిరించాడు. గుంపు కట్టలేదు, కర్ర పట్టలేదు. కోర్టును ఆశ్రయించి, ఏండ్ల తరబడి పోరాడి గెలిచాడు. అనగా చట్టం చూపిన తలుపు గుండానే నడిచాడు. ఫలితంగా 1940 ప్రాంతంలో దేశ్‌ముఖు మనుషులు అతనిని దారి కాచి చంపివేశారు. అతని సమాధి సూర్యాపేట-జనగామ దారి పక్కన నేటికీ ఉంది. తరువాత వచ్చిన 'మా భూమి' నాటకానికి అతని కథే ప్రేరణ. కోర్టులో గెలిచిన మనిషి కూడా బ్రతకలేడని ఊర్ల ప్రజలకు తెలిసిన రోజున, వారి దృష్టిలో న్యాయస్థానమనే తలుపు మూసుకుపోయినట్లే. ఆ తరువాత జరిగిన దానిని అర్థం చేసుకోవాలంటే ఈ సంగతిని ముందుగా గుర్తించాలి.

2. హింసకు మూడు ముఖాలు

గాల్టుంగ్ చేసిన ముఖ్యమైన ప్రతిపాదన ఏమంటే, హింస మూడు రూపాలలో ఉంటుంది.

మొదటిది ప్రత్యక్ష హింస. కొట్టడం, చంపడం, ఇల్లు తగులబెట్టడం మొదలగునవి. దీనిలో చేసినవాడు కనబడతాడు, చేసిన సమయం తెలుస్తుంది.

రెండవది వ్యవస్థాగత హింస. దీనిలో చేసిన చేయి కనబడదు. సమాజపు ఏర్పాటు వల్లనే మనుషులు ఆకలితో, రోగంతో, అవమానంతో కుంగిపోతారు. నివారించదగిన బాధ నివారింపబడక కొనసాగుతూ ఉంటే, అక్కడ ఎవరూ కత్తి ఎత్తకపోయినా హింస ఉన్నట్లే. క్షయకు మందులేని కాలంలో ఒకడు క్షయతో మరణిస్తే అది దురదృష్టం. మందుండి, అది అతనికి అందకుండా సమాజమే ఏర్పాటు చేసుకొని ఉంటే అది హింస.

మూడవది సాంస్కృతిక హింస. మొదటి రెండింటినీ సబబేనని నమ్మించే మాటలు, ఆచారాలు, కథలు, నినాదాలు దీని కిందికి వస్తాయి. మతం, జాతి, కులం, భాష, చరిత్ర, వీటిలో దేనినైనా ఇందుకు వాడుకోవచ్చు. "వాళ్లంతా అలాంటివాళ్లే" అనే చిన్న మాట కూడా దీనికి విత్తనమే.

నిజాం పాలనలోని జనగామ తాలూకాను ఈ దృష్టితో చూద్దాం. ఆనాడది నల్లగొండ జిల్లాలో ఉండేది. విస్నూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి అధికారం 60 గ్రామాలపై చెల్లేది, అతని ఆధీనంలో 40,000 ఎకరాలున్నట్లు ఉద్యమ నాయకులు రాశారు. చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, మాదిగ, ప్రతి వృత్తివారూ గడీకి వెట్టి చేయవలసినదే. కూలి లేదు, కాదనే హక్కు లేదు. పెండ్లయినా చావైనా దొరకు కానుక చెల్లవలసినదే. ఇది వ్యవస్థాగత హింస. ఏ ఒక్కరోజూ ఎవరినీ కొట్టకపోయినా ఈ హింస ఆగదు. దొర అంటే దేవునితో సమానమనీ, తాతల నాటి నుండి ఇంతేననీ నమ్మించిన మాటలు సాంస్కృతిక హింస. ఎదురుతిరిగిన వాని వీపుపై పడిన కొరడా ప్రత్యక్ష హింస. మూడూ ఒకదానికొకటి ఊతంగా నిలిచాయి.

ఇక్కడ మనం జాగ్రత్తగా గమనించవలసిన మాట ఒకటుంది. ఆ వ్యవస్థకు శిఖరాన ఉన్న పాలకుడు ముస్లిం, గ్రామంలో దానిని నడిపిన దేశ్‌ముఖులలో అత్యధికులు హిందువులు, దాని కింద నలిగిన బందగీ ముస్లిం, పాలకుర్తి చిట్యాల ఐలమ్మ హిందూ చాకలి స్త్రీ. మల్లంపల్లి మక్తాదారు వద్ద ఐలమ్మ కౌలుకు తీసుకొన్న పొలంలోని పంటను దేశ్‌ముఖు మనుషులు దోచుకొనబోతే, ఆంధ్ర మహాసభ కార్యకర్తలు అడ్డునిలిచి పంటను ఆమె ఇంటికి చేర్చారు. ఈ దౌర్జన్యానికి మతం లేదు. మన తెలుగులో 'జులుం' అనే మాట ఉన్నది. అరబీ నుండి ఉర్దూ ద్వారా వచ్చి, పల్లెటూరి నాలుకపై స్థిరపడిన మాట అది. దేనిని దాని స్థానం నుండి తప్పించినా జుల్మ్ అవుతుందని పండితులు దానికి అర్థం చెప్పారు. మనిషిని అతని గౌరవస్థానం నుండి తప్పించడమే వెట్టి. కనుక వ్యవస్థాగత హింస అనే కొత్త పదం వెనుకనున్న భావం మన పాఠకులకు కొత్తది కాదు.

3. సంఘర్షణ ఎలా ముదురుతుంది?

సంఘర్షణ ఒక్కరోజులో యుద్ధంగా మారదు, మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. ప్రతి మెట్టు వద్దా దిగే అవకాశం కొంత ఉంటుంది, పైకి పోయిన కొలదీ అది తగ్గుతుంది. దీనినే ఉద్రిక్తతా క్రమమంటారు.

జనగామలో ఆ క్రమం స్పష్టంగా కనబడుతుంది. మొదటి మెట్టు విన్నపాలు, కోర్టు వ్యాజ్యాలు. రెండవ మెట్టు సంఘం. 1930లో జోగిపేటలో తొలి సమావేశం జరుపుకొన్న ఆంధ్ర మహాసభ, మొదట భాషకు, విద్యకు పాటుపడింది. 1944 భువనగిరి సమావేశంతో అది రైతు సమస్యల వైపు పూర్తిగా మొగ్గింది. సభ్యత్వ రశీదు ఇచ్చేవారు గనుక పల్లె ప్రజలు దానిని చీటీల సంఘమన్నారు. దొర గూండాల నుండి రక్షణకు చేతికర్రలు పట్టిన తరువాత అదే గుత్పల సంఘమయింది. ఈ పేరు మార్పులోనే ఒక మెట్టు పైకెక్కడం ఉన్నది. మూడవ మెట్టు 1946 జూలై 4. ఆ రోజు కడవెండిలో ఊరేగింపుపై దేశ్‌ముఖు మనుషులు తుపాకులు పేల్చగా దొడ్డి కొమరయ్య ప్రాణాలు కోల్పోయాడు. ఆ మరణంతో ఊరికి ఊరు కదిలింది. నాల్గవ మెట్టు 1947 సెప్టెంబరు 11. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు.

తరువాత రజాకార్ల దళాలు రంగంలోకి దిగాయి. గ్రామాలలో తమ పట్టు సడలుతున్న దేశ్‌ముఖులు అనేకులు వారి సాయం పొందారు. 1948 ఆగస్టు 27న ఆనాటి జనగామ తాలూకాలోని బైరాన్‌పల్లిపై రజాకార్లు, నిజాం బలగాలు విరుచుకుపడి వంద మంది వరకు గ్రామస్థులను చంపాయి. బందగీ వ్యాజ్యం నాడు ఒక తీర్పును అమలుపరిస్తే సరిపోయే సంఘర్షణ, ఎనిమిదేండ్లలో ఇంత దూరం వచ్చింది. తొలి మెట్టు వద్ద న్యాయం చేయడానికి అయ్యే ఖర్చు ఎంతో తక్కువ. ఈ శాస్త్రం చెప్పే అతి ముఖ్యమైన పాఠాలలో ఇది ఒకటి.

4. మాట చేసే గాయం: మహబూబాబాద్ బిడ్డ కథ

సాంస్కృతిక హింసను గూర్చి ఇంకొంత వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఇది మన చేతిలో, మన నోటిలో ఉన్న హింస.

మానుకోట అని పిలిచే మహబూబాబాద్ ప్రాంతంలోని సుబ్రవేడులో 1920లో జన్మించిన షోయబుల్లాఖాన్ ఉర్దూ పాత్రికేయుడు. 1947లో 'ఇమ్రోజ్' పత్రికను స్థాపించాడు. హైదరాబాదు భారతదేశంలో చేరడమే ప్రజలకు మేలని, రజాకార్ల ఆగడాలు ముస్లిములకు కూడా కీడు తెస్తాయని నిర్భయంగా రాశాడు. అట్టి రాతలు రాసే చేతులు నరకబడాలనే మాటలు ఆనాడు వేదికల మీద నుండి వినిపించాయి. 1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుండి ఇంటికి వెళ్తున్న అతనిపై దాడి జరిగింది. అతని చేతిని నరికారు. తెల్లవారకముందే అతడు కన్నుమూశాడు. వయసు 28 ఏండ్లు కూడా నిండలేదు.

వేదికపై నుండి వెలువడిన మాటకు, వీధిలో లేచిన కత్తికి మధ్యనున్న దూరం ఎంత తక్కువో గమనించండి. సంఘద్రోహి అనే ముద్ర మొదట పడుతుంది. ముద్ర పడిన మనిషిని చంపడం తప్పుగా తోచదు. సాంస్కృతిక హింస పనిచేసే తీరు ఇదే. తనవారు తప్పుదారిన పోతున్నా వారిని సమర్థించడాన్ని అసబియ్యత్ అంటారనీ, అది ఖండించదగినదనీ ఇస్లామీయ సంప్రదాయంలో స్పష్టంగా ఉంది. దౌర్జన్యం చేస్తున్న సోదరునికి సాయపడడమంటే అతని చేయి పట్టి ఆపడమేనని మహనీయ ముహమ్మద్ (స) వివరించిన సంగతి మనకు తెలిసినదే. షోయబ్ చేసినది ఆ పనే.

ఈ కథకు రెండవ భాగం కూడా ఉన్నది, దానిని దాచడం అన్యాయం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, ఐదు రోజులలో చర్య ముగిసింది. అప్పుడు, ఆ తరువాతి వారాలలో రజాకార్ల నేరాలతో ఏ సంబంధమూ లేని ముస్లిములు వేల సంఖ్యలో హత్యకు గురయ్యారు. ప్రధాని నెహ్రూ పంపగా పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ మొదలగువారు పర్యటించి నివేదిక సమర్పించారు. మృతుల సంఖ్య 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అత్యధికంగా నష్టపోయాయి. కొందరు చేసిన నేరానికి మొత్తం సముదాయంపై ముద్ర వేయడం అక్కడా జరిగింది. బాధితుని మతం మారింది, పనిచేసిన సూత్రం మారలేదు. అయితే అదే నివేదికలో మరొక సంగతి కూడా ఉన్నది: ఒకచోట హిందూ నేతపనివారు తమ తోటి ముస్లిం నేతపనివారిని ప్రాణనష్టానికి ఓర్చి కాపాడారు. కలిసి పనిచేసే మనుషుల బంధం విద్వేషపు మాటకన్నా బలంగా నిలువగలదనడానికి ఇది రుజువు.

బైరాన్‌పల్లిని తలచి సెప్టెంబరును మరచినవారు, సెప్టెంబరును తలచి బైరాన్‌పల్లిని మరచినవారు, ఇద్దరూ సగం సత్యమే చెబుతున్నారు. ఒక జనసమూహంపైనున్న కోపం మిమ్మల్ని న్యాయం తప్పించరాదని దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 8వ ఆయత్ బోధిస్తున్నది. ఈ బోధ చరిత్ర చెప్పేటప్పుడు కూడా వర్తిస్తుంది.

5. రెండు రకాల శాంతి

ఇక శాంతిని గూర్చి. పండితులు దీనిని రెండు విధాలుగా విభజించారు. ప్రత్యక్ష హింస ఆగిపోయిన స్థితి అభావాత్మక శాంతి. అనగా ఒక చెడు లేకపోవడం వల్ల ఏర్పడినది. వ్యవస్థాగత హింస కూడా తొలగి, న్యాయం, గౌరవం, సహకారం నెలకొన్న స్థితి భావాత్మక శాంతి. అనగా ఒక మంచి ఉండడం వల్ల ఏర్పడినది. జ్వరం తగ్గడం మొదటిది, ఆరోగ్యం రావడం రెండవది. మొదటిది తక్కువదని కాదు, ప్రాణం నిలిచేది దానితోనే. కాని అక్కడే ఆగితే జ్వరం తిరగబెడుతుంది.

1946కు ముందు విస్నూరు చుట్టుపక్కల ఊర్లు నిశ్శబ్దంగానే ఉన్నాయి. దానిని శాంతి అనలేము. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించబడింది. నాలుగు వేల మంది వరకు ఉద్యమకారులు మరణించినట్లు వారి నాయకుల లెక్క. తుపాకులు ఆగాయి గనుక అది అభావాత్మక శాంతి. భావాత్మక శాంతి కోసం కొంత ప్రయత్నం జరిగింది: 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాల దానం, దానితో మొదలైన భూదానోద్యమం. వెట్టి పోయింది, గడీల ప్రాభవం చాలావరకు తగ్గింది. కాని భూమి లేనివారి సమస్య పూర్తిగా తీరలేదు. తీరనిది మరొక తరంలో మరొక రూపంలో తలెత్తింది.

6. శాంతి కోసం చేసే మూడు పనులు: భూపాలపల్లి అడవులు

భూపాలపల్లి ప్రాంతం ఒకవైపు సింగరేణి బొగ్గు గనులు, ఒకవైపు గోదావరి తీరపు అడవులు, ఆదివాసుల గూడేలు గల నేల. 1980లో పీపుల్స్ వార్ పార్టీ ఏర్పడిన తరువాత వరంగల్ జిల్లా ఉత్తర భాగంలోని ఈ అడవులు దళాలకు, పోలీసులకు నడుమ యుద్ధరంగమయ్యాయి. ఎన్‌కౌంటర్లు, మందుపాతరలు, ఇన్‌ఫార్మర్లనే ఆరోపణపై హత్యలు, వీటి నడుమ నలిగినది సామాన్య గూడెం మనిషి. అతని మూల సమస్య భూమి. అడవిలో పోడు కొట్టుకొని సాగుచేసిన చెలకకు కాగితం లేదు. ఏజెన్సీలో ఆదివాసుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1970లో చేసిన 1/70 నిబంధన ఉన్నా, దాని అమలు అంతంతమాత్రం.

ఇట్టి స్థితిలో చేయవలసిన పనులు మూడు. ఒకటి, శాంతి పరిరక్షణ. పోరాడుతున్న రెండు పక్షాలను విడదీసి, కాల్పులు ఆపించడం. రెండు, సంధి సాధన. వారిని ఒకచోట కూర్చోబెట్టి ఒప్పందానికి తేవడం. మూడు, శాంతి నిర్మాణం. పోరాటానికి మూలమైన అన్యాయాన్ని తొలగించి, తెగిన సంబంధాలను తిరిగి అల్లడం. మొదటిదానికి వారాలు, రెండవదానికి నెలలు, మూడవదానికి తరాలు పడతాయి.

2004లో ఆంధ్రప్రదేశ్ ఈ మూడింటినీ ప్రయత్నించింది. 1997 నుండి విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వాన 'పౌరస్పందన వేదిక' ఊరూరూ తిరిగి ఇరుపక్షాల హింసనూ ప్రశ్నించింది. పాత్రికేయుడు పొత్తూరి వెంకటేశ్వరరావు, ఆచార్య హరగోపాల్ మొదలగువారు అందులో ఉన్నారు. ఎన్నికల తరువాత 2004 జూన్‌లో కాల్పుల విరమణ అమలులోకి వచ్చింది. అక్టోబరు 15 నుండి 18 వరకు హైదరాబాదులో హోంమంత్రి జానారెడ్డి బృందం, నక్సలైటు పార్టీల ప్రతినిధులు ముఖాముఖి మాట్లాడుకున్నారు. ఆ నెలలలో గూడేల ప్రజలు రాత్రిపూట తలుపు చప్పుడుకు భయపడకుండా నిద్రించారు. కాని రెండవ విడత చర్చలు జరగలేదు. 2005 జనవరిలో మావోయిస్టులు వైదొలగారు. ఆగస్టు 15న శాసనసభ్యుడు నర్సిరెడ్డితో సహా పలువురి హత్య జరగగా, రెండు రోజుల తరువాత నిషేధం మళ్లీ వచ్చింది.

7. పట్టు వేరు, అవసరం వేరు

ఆ చర్చలు ఎందుకు ఫలించలేదు? దీనికి ఈ శాస్త్రంలోని మరొక భావన కొంత వివరణ ఇస్తుంది. ప్రతి తగాదాలోను ఇరుపక్షాలు బయటికి చెప్పే పట్టు ఒకటుంటుంది, లోపలనున్న అవసరం ఒకటుంటుంది. ఇద్దరు అన్నదమ్ములు ఒకే బావిని కోరుతున్నారంటే, అది పట్టు. ఒకనికి సాగునీరు కావాలి, మరొకనికి తండ్రి తవ్వించిన బావిలో పేరు కావాలి. అది అవసరం. పట్టు మీద బేరమాడితే ఒకడు ఓడాలి. అవసరం మీద మాట్లాడితే ఇద్దరూ గెలువవచ్చు.

2004లో పెద్ద అడ్డంకిగా నిలిచినది ఆయుధాల ప్రశ్న. ఆయుధాలతో ఊర్లలోకి రారాదని ప్రభుత్వపు పట్టు, ఆయుధాలు వదలమని దళాల పట్టు. వీటి వెనుక ఇరువురికీ ఉన్న అవసరం భద్రత. భూమి ప్రశ్న మాత్రం గూడెం ప్రజల అవసరం. కాని చర్చల బల్ల ముందు ఆ ప్రజలు నేరుగా కూర్చోలేదు. భూమి సమస్యపై ప్రభుత్వం నియమించిన కోనేరు రంగారావు కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. అదే ఏడు దేశమంతటికీ అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు భూములకు పట్టాల పంపిణీ చేపట్టింది. తుపాకులు సాధించలేని దానిని, చర్చలు పూర్తి చేయలేని దానిని, ఒక కాగితం కొంతవరకు చేసింది. 2025లో కర్రెగుట్టల వద్ద భారీ సైనిక చర్య జరిగింది, ఆ ఏడు మే 21న మావోయిస్టు ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు ఛత్తీస్‌గఢ్‌లో మరణించారు. దళాలు ఓడవచ్చు. అయినా పట్టా అందని గూడెంలో భావాత్మక శాంతి వచ్చిందనలేము.

పట్టును వదిలి అవసరాన్ని పట్టుకోవడానికి మన చరిత్రలో చక్కని ఉదాహరణ హుదైబియా. హిజ్రీ 6వ ఏట సంధిపత్రం రాస్తున్నప్పుడు, 'దైవసందేశహరుడు' అనే పదాన్ని ఖురైషుల ప్రతినిధి సుహైల్ బిన్ అమ్ర్ ఒప్పుకోలేదు. ఆ పదాన్ని చెరిపించి, తండ్రి పేరుతో తన పేరు రాయించేందుకు మహనీయ ప్రవక్త (స) అంగీకరించారు. ఆ ఏడు ఉమ్రా చేయకుండానే తిరిగి వెళ్లడానికి కూడా ఒప్పుకున్నారు. అనుచరులలో పలువురికి అది ఓటమిగా తోచింది. కాని పదేండ్ల యుద్ధవిరమణ అనే అసలు అవసరం తీరింది. దానినే స్పష్టమైన విజయంగా ఖుర్ఆన్ అభివర్ణించింది.

8. మధ్యవర్తి ఎట్టివాడై ఉండాలి?

రాజీ, ఫైసలా, ఈ మాటలు కూడా తెలంగాణ పల్లెలలో హిందూ ముస్లిం భేదం లేకుండా వాడుకలో ఉన్నాయి. తగాదాలను తీర్చుకొనే పద్ధతిలో మనం ఎంతగా కలిసిపోయామో ఇవి తెలుపుతాయి. కాని అన్ని రాజీలూ ఒకటి కావు. బలవంతుని ముందు బలహీనుడు తల వంచడాన్ని కూడా పల్లెలో రాజీ అనే అంటారు. అది సంధి కాదు, జులుంకు తొడిగిన అందమైన చొక్కా.

అల్ హుజురాత్ సూరా 9వ ఆయత్ ఈ విషయంలో ఒక క్రమాన్ని చూపుతుంది. పోరాడుతున్న రెండు వర్గాల మధ్య సంధి చేయమంటుంది. ఒకటి హద్దు మీరితే దానిని నిలువరించమంటుంది. అది దారికి వచ్చిన తరువాత మళ్లీ సంధి చేయమంటూ, ఈసారి న్యాయంతో చేయమని ప్రత్యేకంగా చెబుతుంది. ఎందుకంటే హద్దు మీరినవానిపై కోపంతో మధ్యవర్తి కూడా హద్దు మీరే ప్రమాదం అక్కడే ఎక్కువ.

కనుక మధ్యవర్తికి మూడు గుణాలు కావాలి. ఇరుపక్షాల మాటనూ పూర్తిగా వినే ఓపిక, తనవారి తప్పును తనవారి ముందే చెప్పే ధైర్యం, బలహీనునికి మాట్లాడే చోటు కల్పించే వివేకం. శంకరన్ వేదికను ప్రభుత్వంలో కొందరు దళాల పక్షమన్నారు, దళాలవారు దాని విమర్శను సహించలేకపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇరువైపుల నుండీ మాటపడడం నిష్పాక్షికతకు చెల్లించే వెల.

9. జ్ఞాపకం కూడా శాంతిలో భాగమే

చివరి భావన సంఘర్షణా పరివర్తన. జాన్ పాల్ లెడరాక్ అనే పండితుడు దీనికి ప్రచారం కల్పించాడు. తగాదాను అప్పటికప్పుడు చల్లార్చడం చాలదనీ, దానికి కారణమైన సంబంధాలే మారాలనీ దీని సారాంశం. ఆ సంబంధాలు మారాలంటే జరిగిన దానిని ఇరుపక్షాలూ కలిసి తలచుకోగలగాలి.

మన ప్రాంతంలో ప్రతి సెప్టెంబరు 17న ఈ పరీక్ష ఎదురవుతూనే ఉంది. ఒకరు దానిని విమోచనమంటారు, ఒకరు విలీనమంటారు, మరొకరు విద్రోహమంటారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం దానిని జాతీయ సమైక్యతా దినంగాను, కేంద్రం విమోచన దినంగాను జరిపాయి. 2024లో రాష్ట్రం ప్రజాపాలన దినోత్సవమన్నది. పేరు మీది ఈ తగాదా కూడా పట్టు మీది తగాదాయే. దాని వెనుకనున్న అవసరాలు ఇవి: వెట్టిలో నలిగినవారి బాధ గుర్తింపబడాలి, బైరాన్‌పల్లి మృతులు తలచుకోబడాలి, ఆ సెప్టెంబరులో అకారణంగా చంపబడిన ముస్లిములు కూడా తలచుకోబడాలి. ఈ మూడు అవసరాలలో ఏదీ మరొకదానికి శత్రువు కాదు.

ఈ విషయంలో తెలుగు ముస్లిం పాఠకులకు ప్రత్యేకమైన బాధ్యత, ప్రత్యేకమైన అవకాశం ఉన్నాయి. ఆ చరిత్రను ఒక మతానికీ మరొక మతానికీ జరిగిన యుద్ధంగా చిత్రించే మాటలు రెండు వైపుల నుండీ వినిపిస్తున్నాయి. దానికి జవాబు కోపంతో చెప్పనక్కరలేదు. కామారెడ్డిగూడెం బందగీ పేరు, సుబ్రవేడు షోయబుల్లాఖాన్ పేరు మన పిల్లలకు చెబితే చాలు. ఒకరు దొర జులుంను ఎదిరించిన ముస్లిం రైతు. ఇంకొకరు తనవారి జులుంను ఎదిరించిన ముస్లిం పాత్రికేయుడు. మొదటివారిని తలచడం సులభం, గర్వంగా ఉంటుంది. రెండవవారిని తలచడానికి నిజాయితీ కావాలి. ఇద్దరినీ కలిపి తలచినప్పుడే న్యాయమనే మాటకు పూర్తి అర్థం వస్తుంది. మనం ఒకరికొకరు పలికే సలాంలో కోరుకునే శాంతి, ఆ న్యాయం నిలిచినచోటనే నిలుస్తుంది.